మిషిగన్‌లో ఏరిన మోరెల్ పుట్టగొడుగులు: వండే ముందు సలహా కావాలి

తొలకరికి పుట్టల మీద లేచే తెల్ల గొడుగులను నాయనమ్మ వెంట ఏరిన అనుభవం మిషిగన్ వసంతంలో పనికిరాదని తెలిసే, ఈ ప్రశ్న అడుగుతున్నాను. మే మొదటి వారంలో, ఎండిపోయిన ఎల్మ్ చెట్టు మొదట్లో, తేనెపట్టులా గుంటలు పడిన తలలున్న 14 మోరెల్‌లు (వండుకుని తినే ఒక అడవి పుట్టగొడుగు రకం) దొరికాయి. నిలువునా కోసి చూస్తే అన్నీ తల కొన నుంచి కాడ అడుగు దాకా ఒకే డొల్లగా ఉన్నాయి. తల అంచు కాడకు అతుక్కునే ఉంది. కొంచెం దూరంలో, పైన్ చెట్ల కింద కోసిన మరొకటి మాత్రం ఎర్రటి గోధుమ రంగులో, మెదడు మడతల్లా ముడుచుకుని, లోపల దూదిలాంటి పదార్థంతో గదులు గదులుగా ఉంది. అది మోరెల్‌ను పోలి ఉండే విషపూరితమైన గైరోమిట్రా అని అనుమానించి పారేశాను.

అయితే అంతకుముందే దానితో సహా అన్నిటినీ ఒకే బుట్టలో వేశాను (తొందరపాటే, ఒప్పుకుంటాను). మిగిలినవాటిని కడిగి వాడుకోవచ్చునా, లేక మొత్తం పారేయడమే మేలా? అసలైన మోరెల్‌నైనా పచ్చిగా తినకూడదంటారు. 2023లో మొంటానాలోని ఒక రెస్టారెంటులో 51 మంది అస్వస్థులై, ఇద్దరు మరణించిన ఘటన చదివాక భయం పెరిగింది. మీరు ఎన్ని నిమిషాలు వేయిస్తారు? ఆ స్థలం ఒకప్పుడు ఆపిల్ తోట. పూర్వం చల్లిన లెడ్ ఆర్సెనేట్ (సీసం, ఆర్సెనిక్ ఉన్న పురుగుమందు) మట్టిలో మిగిలి ఉంటే, అక్కడ మొలిచినవి తినవచ్చునా? స్వయంగా ఏరి వండినవారు దయచేసి చెప్పగలరు.