న్యుమోనియా కష్టం, ఫెయ్‌యెన్ సులువు

పోస్టు:

గ్రూపులో చైనీస్ తెలిసినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారని ధైర్యం చేసి పెడుతున్నాను. మా ల్యాబ్‌లో నా పక్క సీటు చైనాలోని చెంగ్డూ అమ్మాయిది. ఇంగ్లీషు పేపర్లు నాకంటే వేగంగా చదువుతుంది. మొన్న వాళ్ళ నాన్నకు ఒంట్లో బాగోలేదని ఫోనొచ్చింది. ఆ కంగారులో మాట తట్టక "నాన్నకి లంగ్ ఫైర్" అంది. నేను తెల్లమొహం వేశాను. కాగితం లాక్కుని రెండు అక్షరాలు రాసింది. మొదటిది ఫెయ్, అంటే ఊపిరితిత్తి. రెండోది యెన్. నిప్పు గుర్తు నెత్తిన ఇంకో నిప్పు గుర్తు ఎక్కించినట్టు ఉంటుంది, మంట అని అర్థం. ఫెయ్‌యెన్ అంటే న్యుమోనియా.

నాన్నగారు కోలుకున్నాక తీరిగ్గా నన్ను నిలదీసింది. "ఊపిరితిత్తి లంగ్. దాని జబ్బు న్యుమోనియా. దాని ధమని పల్మనరీ. మూడు మాటల్లో ఒక్క ముక్కయినా కలవదేం? మా దగ్గర మూడింట్లోనూ ఫెయ్ కనిపిస్తుంది. జబ్బు పేరు ఎప్పుడూ వినని చిన్నపిల్లాడు కూడా ఇది ఊపిరితిత్తుల గొడవ అని చెప్పేస్తాడు."

నిజమే మరి. కాలేయం కాన్ అయితే హెపటైటిస్ కాన్‌యెన్. కడుపు వెయ్ అయితే గ్యాస్ట్రైటిస్ వెయ్‌యెన్. డయాబెటిస్‌కైతే చక్కెర, మూత్రం, జబ్బు అని మూడు అక్షరాలు పక్కపక్కన పెట్టేశారు. చైనా 1988లో ప్రకటించిన వాడుక అక్షరాల పట్టికలో ఉన్నవి 3500. అవి వచ్చినవాడికి మామూలు పత్రిక చదవడానికి ఇబ్బంది ఉండదు. కొత్త మాట ఎదురైనా చాలాసార్లు పాత అక్షరాల జతే. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇంగ్లీషులో పెద్ద మాటలన్నీ తాళం వేసిన పెట్టెల్లా కనిపిస్తాయట.

నా ప్రశ్న: ఈ లెక్కన మన తెలుగు ఎటు వైపు?

జవాబు (రిటైరైన బయాలజీ మాస్టారు):

బాబూ, సందేహం ఎందుకు? మనం ఇంగ్లీషు వైపే. పాతికేళ్ళు తెలుగు మీడియంలో పాఠం చెప్పాను. అవయవం పేరు ఊపిరితిత్తులు. దాని ధమని మాత్రం పుపుస ధమని. అవయవం మూత్రపిండం, ధమని వృక్క ధమని. కాలేయానికి వెళ్ళేది యకృత్ ధమని. కిడ్నీ-రీనల్, లివర్-హెపాటిక్ అని ఇంగ్లీషువాడు పెట్టుకున్న తిరకాసే మన పుస్తకాల్లోనూ ఉంది. వాళ్ళకి 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చాక ఫ్రెంచి, తర్వాత చదువుల దారిన లాటిన్, గ్రీకు పైమేడ కట్టాయి. మన పైమేడ సంస్కృతం. వీధిలో కన్ను, బోర్డు మీద నేత్ర. కాబట్టి మన పిల్లాడికి మూన్ పక్కన లూనార్ కనిపిస్తే పెద్దగా ఉలిక్కిపడడు. ఒక వస్తువుకి ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉండటం వాడికి అలవాటే.

మనకి ఇంకో వెసులుబాటు ఉంది. డెంటల్‌లో దంతం, నేసల్‌లో నాసిక, నేవల్‌లో నాభి, పెడల్‌లో పాదం. ఇవి ఒకే పాత కుదురు నుంచి వచ్చిన మాటలు. మనకి సంస్కృతం ద్వారా ఉచితంగా వచ్చి పడ్డాయి. చైనీస్‌లో పన్ను యా, ముక్కు పీ. ఏం పట్టుకుని వేలాడతారు పాపం!

జవాబు (చైనాలో ఎంబీబీఎస్ చేసిన సభ్యుడు):

మాస్టారూ, నేను రివర్స్‌లో పడ్డాను. మాకు క్లాసులు ఇంగ్లీషులో, పేషెంట్లు చైనీస్‌లో. మొదటి ఏడాది కన్నీళ్ళు. తర్వాత ఆస్పత్రి బోర్డులే నాకు గైడు అయ్యాయి. కన్ను అక్షరం పక్కన విభాగం అక్షరం ఉంటే ఆఫ్తల్మాలజీ, ఎముక అక్షరం పక్కన ఉంటే ఆర్థోపెడిక్స్. అంతే. కానీ నోటితో చెప్పేటప్పుడు ఉంటుంది మజా. యెన్ అని స్వరం పైకి లేపితే మంట, కిందికి దించి కాస్త ఎత్తితే కన్ను. ఒక పెద్దావిడని "మంట చూపించండి" అని అడిగాను. ఆవిడ నవ్వలేదు, అదే పదివేలు.

జవాబు (అనువాదాలు చేసే సభ్యురాలు):

అందరూ చైనీస్ అంటే అద్దాల మేడ అన్నట్టు మాట్లాడుతున్నారు, కొంచెం ఆగండి. తూర్పు, పడమర అక్షరాలు కలిపితే తోంగ్‌షి, అర్థం 'వస్తువు'. గుర్రం, పైన అని కలిపితే మాషాంగ్, అర్థం 'ఇప్పుడే'. విడగొట్టి చూస్తే ఏం తెలుస్తుంది? పైగా ఈ స్పష్టత అంతా దేవుడిచ్చింది కాదు. టెలిఫోన్‌ని మొదట్లో వాళ్ళూ 'త ల్యూ ఫంగ్' అని శబ్దంతోనే పిలిచారు. తర్వాత దాన్ని పక్కనపెట్టి 'విద్యుత్ మాట' అనే అర్థం వచ్చేలా త్యెన్‌హ్వా స్థిరపడింది. మనం మాత్రం ఫోన్‌ని ఫోన్ గానే ఇంట్లో పెట్టుకున్నాం. దూరవాణి నిఘంటువులో కూర్చుంది.

అసలు చిక్కు వేరే చోట ఉందని నా అనుమానం. వాళ్ళ భాషలో చదువుకున్నవాడి లక్షణం పొడుగు మాట కాదు, నాలుగక్షరాల సామెత. 'మోడు దగ్గర కుందేలు కోసం కాపు' అని ఒకటి ఉంది. పొలంలో మోడుకి గుద్దుకుని ఒక కుందేలు చచ్చిందట. రైతు నాగలి వదిలేసి రోజూ అక్కడే కూర్చున్నాడట. క్రీస్తుపూర్వపు చైనా తత్వవేత్త హాన్ ఫేయ్ కాలం నాటి కథ, ఇప్పటికీ వాడతారు. అలాంటి మెరుపు కోసం వాళ్ళు ఇంగ్లీషులో వెతికితే దొరికేది పరీక్షల జాబితా. 'కావ్‌చి త్స్‌హ్వెయ్' అంటారు, పై తరగతి పదజాలం అని. మెనీ కొట్టేసి ప్లెథొరా పెట్టడం ఆ చదువే.

పోస్టు పెట్టినవారు:

మేడమ్, కరెక్టుగా పట్టుకున్నారు! ఆ అమ్మాయి మా ప్రొఫెసర్‌కి రాసిన మెయిల్‌లో "ప్లెథొరా ఆఫ్ డౌట్స్" అని ఉంది. అడిగితే వాళ్ళ జాబితాల కథ చెప్పింది. అక్షర క్రమంలో ఉండే పుస్తకాల్లో మొదటి మాట అబాండన్. చాలామంది ఆ ఒక్క మాట నేర్చుకుని పుస్తకాన్నే అబాండన్ చేస్తారని వాళ్ళ జోకు. మన ఆరంభశూరత్వమే. దానికి రాసే అర్థం ఫాంగ్‌ఛి, అంటే వదిలేయడం. ఎక్కడో ఆర్ అక్షరం దగ్గర వచ్చే రెలింక్విష్‌కీ అదే ఫాంగ్‌ఛి. పిల్లని వదిలేయడం, పదవి వదిలేయడం, ఆశ వదిలేయడం అన్నీ ఒకే డబ్బాలో. తేడా తెలియాలంటే ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటుందో చూడాలి. జాబితాలో అది కనిపించదు.

ఇంకో పద్ధతి కూడా ఉందట, శబ్దంతో ముడి వేయడం. ఆంబులెన్స్‌కి "ఆన్ పు నంగ్ స్", అంటే "నేను చావకూడదు". పెస్ట్‌కి "ఫాయ్ స్ థా", అంటే "దాన్ని చరిచి చంపు". నేను నవ్వాపుకోలేకపోయాను. కానీ హిమాయత్‌నగర్ కోచింగ్ రోజుల్లో నేను గారులస్ అనే మాటని గారెలు తింటూ వాగేవాడు అని గుర్తుపెట్టుకున్నాను కదా! ఇరవై ఏళ్ళయినా మర్చిపోలేదు. వాడింది మాత్రం ఈ పోస్టులోనే.

జవాబు (బయాలజీ మాస్టారు):

గారెలు మంచివే గానీ మాటల మూలాలు పట్టుకోమనండి ఆ అమ్మాయిని. ఐటిస్ అంటే వాళ్ళ యెన్ అక్షరమే అనుకోమనండి. నెఫ్రో, హెపటో, గ్యాస్ట్రో, ఆర్థ్రో అని ఒక పాతిక గ్రీకు ముక్కలు వస్తే వాటినే కొత్త అక్షరాలు అనుకోవచ్చు. చైనీస్‌వాళ్ళకి ముక్కలు కలిపి చదవడం పుట్టుకతో వచ్చిన విద్య. మనకంటే వాళ్ళకే ఇది బాగా పనిచేయాలి.

పోస్టు పెట్టినవారు:

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేసింది. చేసి నా మీదే ప్రయోగించింది. నిన్న లంచ్‌లో నేను మన అలవాటు కొద్దీ "ఐ హావ్ గ్యాస్ట్రిక్" అన్నాను. తను కాసేపు ఆలోచించి, గ్యాస్ట్రో అంటే వెయ్, ఇక్ అంటే సంబంధించినది అని వేళ్ళ మీద లెక్కపెట్టి, "అంటే నీకు కడుపు ఉందనా? అది అందరికీ ఉంటుంది కదా" అంది. ఆ వాక్యం తెలుగులో ఎలా వినిపిస్తుందో తనకి ఇంకా చెప్పలేదు.