ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ రోజంతా పెట్టి ఉంచొచ్చా, నిండగానే తీసేయాలా?

రేవుగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

మా ఇంట్లో ఏడాదిగా తెగని గొడవ ఇది. నేను రాజమండ్రిలో ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. పొద్దున తొమ్మిదికి ల్యాప్‌టాప్ తెరిస్తే రాత్రి ఏడు దాకా మూయను. ఛార్జర్ పెట్టింది పెట్టినట్టే ఉంచుదామని నా ఉద్దేశం. మావారు ఒప్పుకోరు. "వంద చూపించాక కూడా కరెంటు ఎక్కిస్తూనే ఉంటే బ్యాటరీ ఉబ్బిపోతుంది" అని వచ్చి ప్లగ్ తీసేస్తారు. నేను మీటింగ్‌లో పడి చూసుకోను, ఇరవైకి దిగి ఎర్రగా మెరిశాక పరుగెత్తి మళ్ళీ పెడతాను. రోజుకు రెండుసార్లయినా ఇదే తంతు.

మెషిన్ కొని రెండేళ్ళ నాలుగు నెలలు. కొత్తలో ఐదు గంటలు వచ్చేది, ఇప్పుడు గంటన్నర కూడా రావట్లేదు. దానికి తోడు పది రోజులుగా "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అని చూపిస్తోంది. పిన్ను దగ్గర వైరు కాస్త కదిపితే ఎక్కుతుంది, వదిలితే ఆగిపోతుంది. ఇద్దరిలో ఎవరిది కరెక్టో తెలిసినవాళ్ళు చెప్పండి.

మూడోషిఫ్ట్

మీదే కరెక్ట్ అండీ. లిథియం అయాన్ బ్యాటరీ లోపల ఒక కంట్రోల్ సర్క్యూట్ ఉంటుంది. నిండగానే అది ఛార్జింగ్ ఆపేస్తుంది. ఆ తర్వాత అడాప్టర్ నుంచి వచ్చే కరెంటు నేరుగా మెషిన్‌కే పోతుంది, బ్యాటరీ ఊరికే కూర్చుంటుంది. వంద దాటి ఎక్కించడమనేది జరగదు. పూర్తిగా దించి పూర్తిగా నింపాలన్నది కూడా నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. వాటికి మెమరీ ఎఫెక్ట్ ఉండేది, అంటే సగంలోనే ఛార్జ్ పెడుతూ పోతే కెపాసిటీ తగ్గినట్టు అయ్యేది. వీటికి అది లేదు. నేను మూడేళ్ళుగా ఛార్జర్ తీయలేదు, ఏమీ కాలేదు.

రిపేరుబల్ల

సికింద్రాబాద్‌లో పద్నాలుగేళ్ళుగా ల్యాప్‌టాప్‌లు విప్పి బాగుచేస్తున్నాను. పైన తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం, సగం మనుషుల్ని ముంచే మాట.

ఓవర్‌ఛార్జ్ కాదు, ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీ "ఊరికే కూర్చోవడం" ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. నిండినప్పుడు ఒక్కో సెల్లు, రకాన్ని బట్టి, 4.2 నుంచి 4.4 వోల్టుల దగ్గర ఉంటుంది. అది దాని ఆఖరి మెట్టు. బస్తాను మూతి దాకా కుక్కి కుట్టేస్తే దారం మీద ఎంత లాగుడు ఉంటుందో ఆలోచించండి. ఆ స్థితిలో ఉన్నంతసేపూ లోపలి రసాయనం మెల్లగా చెడుతూ ఉంటుంది. దానికి వేడి తోడైతే ఆ చెడడం ఇంకా తొందరగా జరుగుతుంది. బ్యాటరీల గురించి రాసే బ్యాటరీ యూనివర్సిటీ అనే సైటులో ఒక పట్టిక ఉంది: నిండా ఛార్జ్ చేసిన లిథియం బ్యాటరీని 40 డిగ్రీల వేడిలో ఏడాది ఊరికే ఉంచితే, మిగిలే కెపాసిటీ 65 శాతమే. అదే వేడిలో 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే 85. చల్లగా 25 డిగ్రీల్లో అయితే నిండా ఉన్నది 80కి దిగుతుంది, 40 శాతం ఉన్నది 96 దగ్గర నిలుస్తుంది. వాడకుండా ఉంచిన బ్యాటరీ సంగతే ఇది. మన ఎండాకాలంలో, లోపల ప్రాసెసర్ కూడా కాగుతుంటే, ల్యాప్‌టాప్ పొట్టలో 40 డిగ్రీలు ఏమంత దూరం కాదు.

పోయిన మే నెలలో ఒకమ్మాయి మెషిన్ తెచ్చింది. టచ్‌ప్యాడ్ క్లిక్ అవ్వట్లేదు, అది మార్చమంది. తిరగేసి స్క్రూలు తీస్తున్నాను. చివరి స్క్రూ తీయగానే కింది మూత దానంతట అదే పైకి లేచింది. లోపల మూడు సెల్లుల్లో మధ్యది పూరీలా పొంగి ఉంది. టచ్‌ప్యాడ్‌ని కింద నుంచి నెడుతోంది అదే. బ్యాటరీ కనెక్టర్ తీసి, అంచు కింద జిగురు దగ్గర పలచటి ప్లాస్టిక్ కార్డు మెల్లగా పోనిచ్చి, అరగంట పట్టింది బయటికి తీయడానికి. స్క్రూడ్రైవర్ జారి గుచ్చుకుని ఉంటే నా బల్ల అంటుకునేది. ఆ మెషిన్ ఏడాదిన్నర పాటు వంద శాతం మీద, మంచం మీద, దుప్పటి పైన నడిచింది.

అందుకే నా మాట ఒక్కటే. రోజంతా ప్లగ్ పెట్టుకోవచ్చు, కానీ 80 దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టుకోండి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్సర్వేషన్ మోడ్ అని ఉంటుంది. ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్ దగ్గర చూడండి. డెల్, హెచ్‌పీల్లో చాలా మోడళ్ళకు బయోస్‌లోనే, అంటే విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగ్‌లలోనే దొరుకుతుంది.

పలకాబలపం

నేను పల్నాడు జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 80 దగ్గర ఆపమని చెప్పడం ఏసీ గదిలో, కరెంటు పోని ఊళ్ళో ఉన్నవాళ్ళకు సరిపోతుంది. మాకు ఎండాకాలం కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఎవరో చెబితే విని నేనూ 80 పెట్టాను. ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రొజెక్టర్ మీద త్రిభుజాల పాఠం చూపిస్తుండగా కరెంటు పోయింది. ప్రొజెక్టర్ ఆగిందనుకోండి, ల్యాప్‌టాప్ చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి చూపిద్దామంటే సగంలో అదీ ఆగింది. ఆ మిగిలిన 20 శాతం నాకు ఒక పాఠం. రెండేళ్ళ తర్వాత బ్యాటరీ బాగుండాలని ఇవాళ్టి పాఠం ఆపుకోమంటారా? నేను 100 పెట్టుకునే బడికి వెళ్తాను.

రిపేరుబల్ల

సార్, మీరు 100 పెట్టుకోవడమే సరైనది. నేను టేబుల్ దగ్గర్నుంచి కదలని వాళ్ళ గురించి రాశాను, అది స్పష్టంగా చెప్పాల్సింది. వంద తాకడం వల్ల పెద్ద నష్టం లేదు. వంద మీద రోజుల తరబడి, వేడిలో నిలబడటమే నష్టం. రాత్రి 80 దగ్గర ఉంచి, పొద్దున బడికి బయల్దేరే గంట ముందు లిమిట్ తీసేయండి. ఆ చివరి భాగం మెల్లగా ఎక్కుతుంది, ఎందుకంటే సెల్లు నిండేకొద్దీ సర్క్యూట్ కరెంటు తగ్గిస్తూ వస్తుంది. కాబట్టి కాస్త ముందే పెట్టండి.

వేపచెట్టు

బ్యాటరీ అనేది అరిగిపోయే వస్తువు, టైరు లాంటిది. మూడు నాలుగు వేలు పెడితే కొత్తది వస్తుంది. దానికోసం ఇంట్లో గొడవలు పడటం నాకు బాధగా ఉంది.

అయితే రేవుగట్టు గారూ, మీవారి పద్ధతి మాత్రం మీ బ్యాటరీని అన్నిటికంటే త్వరగా అరగదీస్తోంది. ఛార్జింగ్ సైకిల్ అంటే ప్లగ్ పెట్టిన ప్రతిసారీ ఒకటి కాదు. మొత్తం వాడిన ఛార్జ్ 100 శాతం అయితే ఒక సైకిల్. 100 నుంచి 20కి రోజుకు రెండుసార్లు దిగితే 160 శాతం, అంటే రోజుకు 1.6 సైకిల్స్. నెలకు 25 పనిదినాలు వేసుకోండి, 40 సైకిల్స్. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ 500 సైకిల్స్ దగ్గర బాగా నీరసిస్తుంది అనుకుంటే ఏడాది కాస్త దాటేసరికి అయిపోతుంది. ప్లగ్ పెట్టి ఉంచి ఉంటే ఈ సైకిల్స్ చాలామటుకు ఖర్చయ్యేవే కాదు.

మూడోషిఫ్ట్

రిపేరుబల్ల అన్న రాసింది చదివి నా మెషిన్ చూసుకున్నాను. విండోస్‌లో సెర్చ్‌లో సీఎండీ అని కొట్టి, నల్ల విండో వచ్చాక ఇంగ్లిష్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. నాది 50,000 మిల్లీవాట్ అవర్లు ఉండాల్సింది 33,400 ఉంది. మూడేళ్ళలో మూడో వంతు పోయింది. సైకిల్స్ 90 కూడా లేవు. అంటే వాడి అరగలేదు, నిండా ఉండి ఉండి పోయింది. "ఏమీ కాలేదు" అని పైన రాసింది తప్పు. ప్లగ్ తీసి చూడలేదు కాబట్టి నాకు తెలియలేదు. ఇవాళే 80 పెట్టాను.

పలకాబలపం

అలాగైతే ఫలానాది అందరికీ మంచిదని ఎవరూ చెప్పలేరు కదా. మూడోషిఫ్ట్ గారికి ప్లగ్ పెట్టి ఉంచడం చెరుపు చేసింది. రేవుగట్టు గారికి ప్లగ్ తీయడం చెరుపు చేసింది. నాకు లిమిట్ పెట్టడమే ఇబ్బంది అయింది. మేడమ్ గారికి "నాట్ ఛార్జింగ్" ఎందుకు వస్తోందో ఎవరూ చెప్పనేలేదు, దాని సంగతి చూడండి ముందు.

రిపేరుబల్ల

నిజమే సార్, అటే వస్తున్నాను.

కొన్నిసార్లు "నాట్ ఛార్జింగ్" అనేది రోగమే కాదు. లిమిట్ ఆన్ అయి ఉంటే 60 దగ్గరో 80 దగ్గరో ఆగి అలాగే చూపిస్తుంది. దానికి కంగారుపడి షాపుకి తెచ్చేవాళ్ళు నెలకు ఇద్దరు ముగ్గురు ఉంటారు. కానీ మేడమ్‌ది వైరు కదిపితే ఎక్కుతోంది కాబట్టి అది సెట్టింగ్ కాదు. వైరో, పిన్నో, లోపలి జాకో. ముందు అడాప్టర్‌ని గోడకు మాత్రమే పెట్టి దాని లైటు చూడండి. వెలగకపోతే అడాప్టరే పోయింది, లేదా గోడ సాకెట్. ల్యాప్‌టాప్‌కి గుచ్చగానే లైటు ఆరిపోతే లోపల ఎక్కడో షార్ట్ ఉండొచ్చు, ఇక పెట్టకండి. లైటు వెలుగుతూనే ఉండి ఛార్జ్ ఎక్కకపోతే పిన్ను దగ్గర వైరు వేళ్ళతో తడిమి చూడండి. రబ్బరు చిట్లి, లోపలి తీగ అల్లిక కనబడుతుంది చాలాసార్లు. వైరుని అడాప్టర్ చుట్టూ బిగించి చుట్టేవాళ్ళకు సరిగ్గా అక్కడే తెగుతుంది.

గుండ్రటి పిన్ను మధ్యలో సూది లాంటిది ఉంటే దాన్ని ప్రత్యేకంగా చూడండి. కొన్ని కంపెనీల అడాప్టర్లు తాము ఎన్ని వాట్లో ఆ సూది ద్వారానే మెషిన్‌కి చెబుతాయి. అది వంగినా, దాని సన్న తీగ తెగినా మెషిన్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, పైగా మెషిన్ నత్తనడక నడుస్తుంది. అలాంటప్పుడు బ్యాటరీ మార్చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. రెండు వందల వైరుతో పోయేదానికి.

అడాప్టర్ కొనాల్సి వస్తే పాతదాని మీద అవుట్‌పుట్ అని ఉన్న అంకెలు ఫోటో తీసుకుని వెళ్ళండి. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్లది. కొత్తదాంట్లో వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడండి. టైప్ సీ మెషిన్ అయితే వైరు సంగతి కూడా చూడాలి. మామూలు సీ టు సీ వైరు 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే గరిష్ఠంగా 60 వాట్లు. 100 వాట్ల ఛార్జర్ కొని పాత ఫోన్ వైరు తగిలిస్తే ఏం లాభం?

ఇంకొకటి. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడకండి. ఎర్తింగ్ లేకపోతే మెటల్ బాడీ మీద చెయ్యి పెట్టినప్పుడు జిల్లుమంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త.

మేడమ్, మెషిన్‌ని చదునుగా బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయా, టచ్‌ప్యాడ్ అంచులు సమంగా ఉన్నాయా చూసి చెప్పండి. రెండేళ్ళలో ఐదు గంటలు గంటన్నరకు పడిందంటే నాకు అనుమానంగా ఉంది.

రేవుగట్టు

చూశాను. వైరు పిన్ను దగ్గర చిట్లింది, నిజమే. రిపోర్టులో 41,040 ఉండాల్సింది 17,900 ఉంది, సైకిల్స్ 611. అంటే మూడోషిఫ్ట్ గారిలా నిండా ఉండి కాదు, వేపచెట్టు గారు చెప్పినట్టే అరిగింది. టచ్‌ప్యాడ్ ఎడమ అంచు గోటికి తగిలేంత పైకి ఉంది. బల్ల మీద పెడితే మెషిన్ కొంచెం ఊగుతోంది. ఇన్నాళ్ళూ గమనించలేదు. టెన్షన్‌గా ఉంది, ఇప్పుడేం చేయమంటారు?

రిపేరుబల్ల

ముందు ఫైళ్ళు కాపీ చేసుకుందామని కూడా ఆగకండి. షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. మంచం మీదా, బీరువాలోనా కాకుండా గచ్చు మీద, కాగితాలూ బట్టలూ లేని చోట పెట్టండి. పైన నొక్కి సమం చేయాలని ఎవర్నీ ప్రయత్నించనివ్వకండి. మీ ఊళ్ళో సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి "బ్యాటరీ ఉబ్బింది" అని ఆ మాటే చెప్పండి, ముందు అదే తీస్తారు. తీసిన బ్యాటరీ ఇంటికి తెచ్చుకోవద్దు, చెత్తబుట్టలో అసలే వేయొద్దు. సేకరణకు పంపే ఏర్పాటు ఉందా అని అడిగి అక్కడే ఇచ్చేయండి.

వేపచెట్టు

మీవారికి కూడా ఒక మాట చెప్పండి. ఉబ్బుతుందన్న ఆయన భయం నిజమే, మందు మాత్రమే తప్పు. ఆయనకు ఈ చర్చ చూపించండి.

రేవుగట్టు

చూపించాను, మొత్తం చదివారు. సర్వీస్ సెంటర్‌కి కూడా ఆయనే తీసుకెళ్ళారు. బ్యాటరీ బయటికి తీశాక ఇద్దరం చూశాం, రెండు సెల్లులు పొంగి ఉన్నాయి. దాన్ని అక్కడే ఇచ్చేశాం. మా మోడల్ బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీద నడుస్తుందన్నారు, కొత్త అడాప్టర్ తీసుకున్నాం. కొత్త బ్యాటరీ గురువారం వస్తుందట. 80 సెట్టింగ్ ఎక్కడుందో వెతికి రాసిపెట్టుకున్నారు మావారు. వానాకాలం కరెంటు పోయే రోజుల్లో మాత్రం పలకాబలపం గారిలా వందే పెట్టుకుంటానని ముందే చెప్పాను, సరే అన్నారు.

ఇప్పుడు కరెంటు లేదు, ఇది ఫోన్లో రాస్తున్నాను.