లామినేటెడ్ గాజు మోడల్: పగలగానే పీవీబీ చిరుగుతోంది

ప్రశ్న: 6 మి.మీ. గాజు, 1.52 మి.మీ. పీవీబీ (గాజులను అతికించే సాగే ప్లాస్టిక్ పొర), మళ్లీ 6 మి.మీ. గాజు. ఎల్‌ఎస్-డైనా అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో పేలుడు ఒత్తిడి ఇస్తే గాజు పగిలిన వెంటనే పొర చిరిగిపోతోంది. అసలు పరీక్షలో మాత్రం సంచిలా ఉబ్బి నిలిచింది. తప్పెక్కడ?

జవాబు 1: పగిలిన ఎలిమెంట్లను (మోడల్‌ను విడగొట్టిన చిన్న భాగాలను) తొలగిస్తున్నారా? రెండు గాజులూ కలిపి చదరపు మీటరుకు 30 కిలోలు, పీవీబీ రెండు కిలోలు కూడా ఉండదు. గాజు మాయమైతే మిగిలిన పొర ఒక్కసారిగా దూసుకుపోతుంది. నిజానికి ముక్కలు పొరకే అంటుకుని ఉంటాయి. తొలగించకండి, లాగుడు బలం మాత్రమే తీసేయండి.

జవాబు 2: దానికి తోడు అతుకు చూడండి. గాజు, పీవీబీ విడిపోకుండా కట్టేస్తే సాగుడంతా పగులు సందులోనే పడుతుంది. పగులు పక్కన కాస్త ఊడనివ్వాలి. కొహెసివ్ కాంటాక్ట్ (బలం దాటితే అతుకును ఊడనిచ్చే పద్ధతి) వాడండి. అంచులూ బిగించేయొద్దు, అక్కడ గాజును పట్టి ఉంచే సిలికాన్‌ను సాలిడ్ ఎలిమెంట్లుగా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: తొలగింపు ఆన్‌లోనే ఉంది. పీవీబీకి నెమ్మది పరీక్షల డేటా ఇచ్చాను, సరిపోతుందా?

జవాబు 1: సరిపోదు. వేగంగా లాగితే పీవీబీ మొదట్లో చాలా గట్టిగా ఉంటుంది. అధిక స్ట్రెయిన్ రేటు (సాగే వేగం) వక్రరేఖలే ఇవ్వండి.