సమస్యాపూరణం: “వెదకువాఁడె దొరకె వెదకఁబోవ”

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చినది ఆటవెలది నాలుగవ పాదం; మిగిలిన మూడు పాదాలు మీరు కూర్చి పద్యం పూరించాలి. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి నవల ఆధారంగా జంధ్యాల గారు తీసిన ‘చంటబ్బాయ్’ (1986) చిత్రాన్ని వస్తువుగా తీసుకోవలసిందిగా మనవి. జేమ్స్ పాండ్‌నని చెప్పుకొనే డిటెక్టివ్ పాండురంగ, జాడ తెలియని చంటబ్బాయిని వెదకబోగా, ఆ చంటబ్బాయి తానేనని తేలడమే ఈ కథకు ఆయువుపట్టు కనుక, చిత్రం చూడనివారు చూసిన తరువాతే ఈ పూరణలు చదవడం మేలు.

మొదటి పూరణ:

అన్న జాడఁ దెల్పు మని చెల్లె లడుగంగఁ
బాండురంగఁ డూరఁ బరుగు లిడెను;
తుదకుఁ దానె యామె తోఁబుట్టు వని తేలె;
వెదకువాఁడె దొరకె వెదకఁబోవ.

నిర్వాహకుని విమర్శ: పద్యం ధారాళంగా సాగింది. రెండవ పాదంలో బా–బ, మూడవ పాదంలో తు–తో యతులు (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొందిక) చక్కగా కుదిరాయి. అయితే సోదరా, సమస్యలోని చిక్కు నాలుగవ పాదంలో విడిపోవాలి గాని, మీరు మూడవ పాదంలోనే గుట్టంతా విప్పేయడం వల్ల ఆఖరి పాదం చెప్పిన మాటనే మళ్ళీ చెప్పినట్లయింది. జంధ్యాల గారు హాస్యం మాటున ప్రేక్షకుణ్ణి ఏమరుపాటులో ఉంచి, ఆ రహస్యాన్ని చివరిదాకా దాచగలిగారు. పద్యంలోనూ ఆ దాపరికం ఉండాలని నా కోరిక. మూడవ పాదాన్ని ఇలా మార్చి చూడండి:

ఆనవాళ్ళు పేర్చి యద్దమ్ముఁ జూచెను;

మొదటి పూరణకర్త: తమ సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. అద్దం రావడంతో అపరాధ పరిశోధన కూడా పద్యంలోకి వచ్చింది.

రెండవ పూరణ:

నవ్వు పంచునట్టి నాయకుం డెవఁడని
వెండితెరను మేము వెదకుచుండఁ
జాప్లినట్లు నడచెఁ జలనచిత్రమునందు;
వెదకువాఁడె దొరకె వెదకఁబోవ.

నిర్వాహకుని విమర్శ: ‘వెదకువాఁడు’ అంటే వెదికేవాడనే కాక, మనం వెదికేవాడనీ అర్థం చెప్పుకోవచ్చు. అమ్మా, మీరు ఆ రెండవ అర్థాన్ని పట్టుకొని సమస్యలోని వైరుధ్యాన్నే తొలగించారు. అవధానాలలో సమస్యలిచ్చే పృచ్ఛకులు మెచ్చుకొనే నేర్పు ఇది. ‘ఖైదీ’ (1983) తరువాత పోరాటాల కథానాయకుడిగా స్థిరపడిన చిరంజీవి గారు, చాప్లిన్ వేషంతో సహా ఆద్యంతం నవ్వించే పాత్రను ఒప్పుకోవడం ఆనాటికి సాహసమేనని నేను గట్టిగా నమ్ముతాను, ఆ సాహసాన్ని మీ పద్యం గుర్తించింది. లోపం ఒక్కటే: డిటెక్టివ్ ఊసు ఎక్కడా లేదు. ఈ పద్యం ఏ హాస్యచిత్రానికైనా సరిపోతుంది.

రెండవ పూరణకర్త: అంగీకరిస్తున్నాను. సంపాదకుణ్ణి కవితలతో హడలెత్తించిన శ్రీలక్ష్మి గారి పాత్రను కూడా చేర్చాలనుకొన్నాను గాని, ఆటవెలదిలో చోటు చాలలేదు.

మూడవ సభ్యుడు: ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) కథతో పూరించవచ్చునా? నెల్లూరులో ‘ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్’ నడిపే ఆత్రేయ కూడా పాండురంగ కోవకు చెందినవాడే కదా.

నిర్వాహకుడు: కోవ ఒక్కటే గాని, ఆత్రేయ వెదికేది ఇతరుల నేరాన్ని, వెదికేవాడే దొరకడం ఆ కథలో లేదు. ఆ చిత్రానికి వేరే సమస్య ఇస్తాను. ప్రస్తుతానికి, సవరించిన మొదటి పూరణను ఉత్తమంగా ఎంచుతున్నాను. రెండవ పూరణకర్త డిటెక్టివును చేర్చి మరొక పద్యం పంపితే తప్పక పరిశీలిస్తాను.