అప్‌డేట్: అవుట్‌బోర్డ్ గేర్ ఆయిల్ తెల్లబడటానికి కారణం దొరికింది
ఫైబర్ బోటు 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే) ఇంజన్‌లో గేర్ ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడుతోందని అడిగాను కదా. ప్రొపెల్లర్ విప్పితే వెనకాల షాఫ్టుకు నైలాన్ వల దారం చుట్టుకుని, వేడికి కరిగి గట్టి రింగులా తయారైంది. అదే సీల్ (నీళ్లు లోపలికి రాకుండా షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు) అంచుని కోసేసింది, అలా నీళ్లు లోపలికి చేరి ఆయిల్ తెల్లబడింది. అక్కడ రెండు సీళ్లుంటాయి, పాడైంది ఒకటే అయినా రెండూ మార్చాలి.

సీళ్లు వేశాక గేర్ల పెట్టెలోకి 10 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి పెట్టి 5 నిమిషాలు చూస్తే గేజ్ ముల్లు కదల్లేదు, అంటే లీకు లేదు. ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలో బుడగల్లేకుండా పొంగేదాకా. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుతుంది. ముందు పై స్క్రూ, తర్వాత కిందిది బిగించాలి. రెండింటికీ కొత్త వాషర్లు తప్పనిసరి. కాటర్ పిన్ (ప్రొపెల్లర్ నట్ ఊడకుండా పట్టి ఉంచే పిన్) కూడా కొత్తదే వేశాం. 10 గంటలు నడిపాక ఆయిల్ తేటగానే ఉంది.