కొట్టకుండా, టీసీ ఇవ్వకుండా పిల్లల గొడవలు సర్దుతున్న బడులు ఉన్నాయా?

సైన్స్ టీచర్, తూర్పు గోదావరి
మాది జెడ్పీ హైస్కూల్. తొమ్మిదో తరగతి మగపిల్లలు ఇద్దరు ఇంటర్వెల్‌లో కొట్టుకున్నారు. ఒకడికి పెదవి చిట్లింది. గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించాలని పీఈటీ సార్ అంటారు. టీసీ ఇచ్చి పంపేయాలని ఒక మేడమ్ పట్టు. తల్లిదండ్రుల్ని పిలిచి సంతకాలు తీసుకుంటే చాలని హెచ్‌ఎం గారు. ఈలోగా క్లాసు రెండు ముఠాలైంది, దెబ్బ తిన్నవాడు బడికే రావడం లేదు. శిక్ష వేయకుండా, పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించి, జరిగిన నష్టాన్ని వాళ్లచేతే సరిచేయించే రిస్టోరేటివ్ పద్ధతుల గురించి ట్రైనింగ్‌లో విన్నాను. నిజంగా చేసి చూసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు, ఖమ్మం
ముందు టీసీ సంగతి. విద్యాహక్కు చట్టం 2009, 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిది పూర్తయ్యేదాకా ఎవర్నీ బడి నుంచి తీసేయడానికి లేదు. 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. తొమ్మిదికి 16వ సెక్షన్ వర్తించదు కదా అని పంపేస్తే వాడు ఇంకో బడికి పోడు మేడమ్, పనికి పోతాడు. మా మండలంలో ఇది కళ్లారా చూస్తున్నాం.

మేం చేసేది ఇది. గొడవపడ్డవాళ్లతో విడివిడిగా మాట్లాడతాం. "ఎందుకు కొట్టావురా?" అని అడగం, అలా అడిగితే పిల్లలు సాకులే చెప్తారు. ఏం జరిగింది, అప్పుడు నీ మనసులో ఏముంది, దీనివల్ల ఎవరెవరికి ఇబ్బంది కలిగింది, ఇప్పుడు సరిచేయాలంటే నువ్వేం చేయగలవు, ఇవే ప్రశ్నలు. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఎదురెదురుగా కూర్చోబెడతాం.

గురుకులం మేడమ్
మాది ఆడపిల్లల గురుకులం. ఒకసారి ఆరో తరగతి పాప ట్రంకు పెట్టె తాళం విరగ్గొట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు ఎవరో తీసేశారు. తీసిన పిల్ల దొరికింది. పాత పద్ధతైతే అసెంబ్లీలో నిలబెట్టేవాళ్లం. ఈసారి డార్మిటరీ పిల్లలంతా గుండ్రంగా కూర్చున్నారు. చేతిలో స్కేలు ఉన్నవాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. స్కేలు తన దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల చాలాసేపు దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది. చివరికి, "అందరి అమ్మలూ వచ్చారు, మా ఇంటి నుంచి ఎవరూ రాలేదు" అంది. జంతికలు పోగొట్టుకున్న పాపే ముందుగా, "వచ్చేసారి మా అమ్మ దగ్గర కూర్చుందువుగాని" అంది. తాళం కొనిస్తానని తీసిన పిల్ల తనంతట తనే చెప్పింది.

అయితే అసలు మార్పు మా స్టాఫ్‌లో వచ్చాకే ఇది నిలబడింది. పగలు టీచర్లం ఒకటి చెప్తే రాత్రి హాస్టల్‌లో ఇంకొకటి నడిచేది. పిల్లలు ఎవర్ని నమ్మాలి? ఇప్పుడు వార్డెన్, క్లాస్ టీచర్లు, నర్సు వారానికోసారి కూర్చుంటాం. వంట అక్కల్నీ పిలుస్తాం. ఏ పిల్ల అన్నం వదిలేస్తోందో ముందు తెలిసేది వాళ్లకే.

వరంగల్ అమ్మ
నా మాట కటువుగా ఉంటే ఏమనుకోకండి. మా బాబు చదివే ప్రైవేటు బడిలో వాణ్ని ఏడాదంతా ఏడిపించిన అబ్బాయిని తెచ్చి, అందరి ముందూ "సారీ చెప్పాడుగా, క్షమించానను" అన్నారు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. క్షమించాలా వద్దా అన్నది దెబ్బ తిన్న పిల్లల ఇష్టం. దయచేసి బలవంతం చేయకండి.

స్కూల్ కౌన్సెలర్
వరంగల్ అమ్మగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకో హద్దు కూడా ఉంది. లైంగిక వేధింపుల విషయాన్ని ఎప్పుడూ ఇలా కూర్చోబెట్టి రాజీ చేయకూడదు. పోక్సో చట్టం 2012, 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేసి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే సాయం దొరుకుతుంది. కులం పేరుతో తిట్టుకున్నా "పిల్లల మాటలే" అని తేల్చేయకండి.

కాలిఫోర్నియా నాన్న
"ఎదురు చెప్తున్నాడు" అన్న ఒక్క కారణంతో మూడో తరగతి వరకు పిల్లల్ని సస్పెండ్ చేయకూడదని ఇక్కడ 2014లో చట్టం చేశారు. తర్వాత పై తరగతులకూ పెంచుకుంటూ వచ్చారు. ఇక్కడి ఓక్లాండ్ నగరం ప్రభుత్వ బడుల్లో ఇలా గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. గొడవ జరిగినప్పుడే కాదు, ఏ గొడవా లేనప్పుడు కూడా పిల్లలు కూర్చుంటారు. ముందే ఒకరి గురించి ఒకరికి తెలిసి ఉంటే తేడాలొచ్చినప్పుడు మాట్లాడుకోవడం తేలిక.

సైన్స్ టీచర్, తూర్పు గోదావరి
అందరికీ ధన్యవాదాలు. రేపు ముందు ఆ అబ్బాయి ఇంటికి వెళ్తున్నాను. పీఈటీ సార్ కూడా వస్తానన్నారు, పిల్లలకి ఆయన దగ్గర చనువెక్కువ. క్లాసు మొత్తాన్ని కూర్చోబెట్టడానికి ఆటల పీరియడ్ తీసుకోవచ్చా?

లెక్కల మాస్టారు, ఖమ్మం
వద్దు మేడమ్. ఆటలు పోతే పిల్లలు దాన్ని శిక్షగానే చూస్తారు. శనివారం మొదటి పీరియడ్ పెట్టండి. నేనైతే నా లెక్కల పీరియడే ఇస్తాను. మొదటిసారి గొడవ ఊసు ఎత్తకండి, ఇంట్లో మీకు ఎవరంటే ఇష్టమో చెప్పమనండి చాలు.