‘సోనుం’ అంటే దెయ్యమేనా?

సవర భాషలోని ‘సోనుం’ అనే మాటకు నిఘంటువులో ‘దెయ్యం’ అని అర్థం రాసి ఊరుకోవచ్చా అని మిత్రులొకరు అడిగారు. రాయకూడదని నా అభిప్రాయం. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో, సీతంపేట ఏజెన్సీ నుంచి పర్లాకిమిడి, గుణుపురం వైపు దాకా ఉన్న సవరల సంప్రదాయంలో ఈ మాటకు చనిపోయిన మనిషి అనీ, ఆ మనిషిని పొట్టనబెట్టుకున్న కారణం అనీ రెండర్థాలూ ఒక్కసారే ఉన్నాయి.

సమాసంలో ఇది ‘సుం’ అని కుదించుకుపోతుంది. ‘కినా’ అంటే పులి; చిరుత నోట పడి పోయినవారు ‘కినాసుం’ అనే కూటమిలో చేరి, తమవారికీ అదే చావు తెచ్చిపెట్టవచ్చునని భయం. ‘లబో’ అంటే నేల. లబోసుంలో ఉన్న పెద్దలు తమ చేలలోని గింజకు సారం ఇస్తారని నమ్మకం. కర్మకాండలన్నీ పూర్తయ్యాక అదే పెద్ద తన పేరును ఇంట పుట్టిన బిడ్డకు ఇచ్చి కాపాడుతుంది. జబ్బు చేసేదీ, కాపు కాసేదీ ఒకరే అయినప్పుడు దాన్ని దెయ్యం అనడం ఎలా?

సోనుంలు బతికినవారితో మాట్లాడడాన్ని పూనకంతో పోల్చవచ్చునని కొందరంటారు. ‘కుడాన్’, అంటే పోయినవారిని పలికించే పూజారిణి, కాళ్లు చాపుకొని కూర్చుని పాడుతూ ఉండగా ఒళ్లు కొయ్యబారుతుంది. చుట్టూ ఉన్నవారు బిగుసుకున్న మోకాళ్లనూ మోచేతులనూ వంచి సరిచేస్తారు. అప్పుడు పోయినవారు ఆమె నోట మాట్లాడతారు, కల్లో సారానో అడుగుతారు, ఇంటివారు వారితో వాదిస్తారు, ఏడుస్తారు. మన పూనకంలో వచ్చేది ఎక్కువగా అమ్మవారు, ఇక్కడ వచ్చేది నిన్నమొన్న పోయిన అత్తో మేనమామో. సంక్రాంతికి ‘పెద్దలకు పెట్టుకోవడం’ అంటామే, ఆ ‘పెద్దలు’ అన్న మాటే కొంత దగ్గర. అయితే మన పెద్దలు పెట్టింది పుచ్చుకుంటారు కానీ బదులు చెప్పరు.

‘దెయ్యం’ అనే అర్థం వెనుక మతం మార్పు కూడా ఉంది. బాప్టిస్టు క్రైస్తవం తీసుకున్న సవరలు సృష్టికర్త పేరైన ‘కిట్టుంగ్’ను దేవుడికి వాడుకున్నారు, సోనుంలను సైతాను పక్షాన నిలబెట్టారు. అది వారి విశ్వాసం, కాదనలేము. కానీ నిఘంటువు ఒక పక్షం తీర్పునే అర్థంగా రాయకూడదు.

సవరలకు బడులు పెట్టి, వారి భాషకు వ్యాకరణమూ 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువూ కూర్చిన గిడుగు వేంకట రామమూర్తి గారు ఉన్నది పర్లాకిమిడిలోనే. 1936లో ఆ ఊరు ఒడిశాకు పోయినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వచ్చేశారు. అదే ఏడాది ఒడిశా వైపు మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని వెలువరించగా, అక్షరాలనే దైవంగా కొలిచే మరో మార్గం మొదలైంది. అది వేరే చర్చ. ప్రస్తుతానికి నేనైతే ‘సోనుం’ను అలాగే ఉంచి, పక్కన ‘చావు తీరును బట్టి ఒక చోట చేరి, బతికినవారితో మాట్లాడే పోయినవారు’ అని రాస్తాను. పొడుగే, నిజమే, ఇంతకంటే పొట్టి మాట నాకు దొరకలేదు.